నాలుగో నంబర్ కుర్రాడి గురించి కొలంబస్ తెలుగు అభిమానులకు ఒక బహిరంగ లేఖ

అన్నలకు, అక్కలకు, ఓహాయో స్టేట్‌లో చదువుకుంటున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు,

ఈ శనివారం, 2025 ఆగస్టు 30న, మధ్యాహ్నం 12 గంటలకు టెక్సాస్‌తో మన ఓహాయో స్టేట్ అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్ మొదటి గేమ్. వాళ్లు అసోసియేటెడ్ ప్రెస్ (ఏపీ) వార్తాసంస్థ ఇచ్చే ర్యాంకుల్లో ఒకటో నంబర్, మనం మూడు. మీలాగే నాక్కూడా వారం నుంచి ఇదే ధ్యాస, ఆఫీసులో కూర్చున్నా మనసంతా ఆ స్టేడియం దగ్గరే ఉంటోంది. అయితే ఈ నాలుగు రోజులుగా మన గ్రూపుల్లో నాలుగో నంబర్ జెర్సీ వేసుకునే మన వైడ్ రిసీవర్ జెరెమయా స్మిత్ గురించి తిరుగుతున్న మెసేజ్‌లు చూశాక ఈ ఉత్తరం రాయకుండా ఉండలేకపోయాను. ఈ సీజన్‌లో పట్టిన బంతులతో 1,800 యార్డులు (గజాలు) ఖాయమంటారు ఒకరు, ఇంకొకరు 20 టచ్‌డౌన్‌లకు (బంతితో అవతలి చివరి గీత దాటి చేసే స్కోరు) తగ్గితే ఒప్పుకోమంటారు, దేశంలో మేటి కాలేజీ ఆటగాడికిచ్చే హైస్‌మన్ ట్రోఫీ ఇంటికొచ్చేసినట్టే అంటారు ఇంకొందరు. ఒకాయన అయితే 1,500 యార్డుల కంటే తక్కువొస్తే అది ఫ్లాప్ సీజన్ కిందే లెక్క అని రాశాడు. దాని కింద ఎన్ని లైకులున్నాయో చూసి నాకు భయమేసింది.

ఆ కుర్రాడికి ఇంకా 19 ఏళ్లే. మీలో చాలామంది ఇళ్లలో ఆ వయసు పిల్లలున్నారు.

ఈ ఏడాదే ఎంఎస్‌కి వచ్చి ఆట ఇంకా పట్టుబడని తమ్ముళ్ల కోసం ముందు రెండు ముక్కలు చెబుతాను, తెలిసినవాళ్లు కొంచెం ఓపిక పట్టండి. వైడ్ రిసీవర్ అంటే మైదానం అంచున నిలబడి, ఆట మొదలవగానే ముందే అనుకున్న దారిలో పరుగెత్తి, క్వార్టర్‌బ్యాక్ విసిరిన బంతిని పట్టేవాడు. ఆ దారిని రూట్ అంటారు. పది గజాలు వెళ్లి లోపలికి తిరగాలా, బయటికి తిరగాలా, ఆగి వెనక్కి రావాలా అన్నది అంగుళాలతో సహా లెక్క. ఒక గేమ్‌లో అరవై డెబ్భైసార్లు ఆట మొదలైతే ఎంత గొప్ప రిసీవర్‌కైనా బంతి వచ్చేది పదిసార్లో పన్నెండుసార్లో. మిగతా అన్నిసార్లూ పరుగెత్తుతాడు, ఎదుటివాళ్లను తనవైపు లాక్కుంటాడు, తోటివాడు బంతితో పరుగెడుతుంటే అడ్డొచ్చేవాణ్ని ఆపుతాడు. ఆ పని ఏ స్కోర్‌కార్డులోనూ కనపడదు, మన ఫోన్లలో వచ్చే అంకెల్లో అసలే ఉండదు.

నాకు ఈ సంగతి నేర్పింది ఏ టీవీ నిపుణుడూ కాదు, మా అమ్మ. పోయిన జనవరిలో అమ్మ తెనాలి నుంచి వచ్చి మా ఇంట్లో ఉంది. జనవరి 10, శుక్రవారం రాత్రి, జాతీయ కప్పు సెమీఫైనల్ (కాటన్ బౌల్ అంటారు), ఇదే టెక్సాస్‌తో. బేస్‌మెంట్‌లో పాతికమందిమి పోగయ్యాం. అమ్మ శాలువా కప్పుకుని సోఫా చివర కూర్చుంది. ఆటలో ఏమీ తెలియదు, కానీ నాలుగో నంబర్ పిల్లాడి వయసు 19 అని ఎవరో చెబితే, మా అక్క కొడుకు ఈడువాడే కదా అని ఆవిడ కళ్లు అతని మీదే పెట్టుకుంది. బంతి ఎటు పోతున్నా చూడదు, ఆ పిల్లాడినే చూస్తుంది. సగం ఆట అయ్యేసరికి అతనికి బంతి దాదాపుగా రాలేదు, మావాళ్లంతా విసుక్కుంటున్నారు, ఏమైంది వీడికి, టెన్షన్‌తో బిగుసుకుపోయాడు అని ఒకరు, పెద్ద గేమ్ కదా భయపడ్డాడు అని ఇంకొకరు. అప్పుడు అమ్మ నన్ను పిలిచి, "ఒరేయ్, ఆ పిల్లాడి వెంట ఇద్దరు తిరుగుతున్నారు రా, ఎటు పోతే అటు. మరి మనవాళ్లలో ఒకడు ఊరికే ఉండాలి కదా, వాడికెయ్యొచ్చుగా బంతి?" అంది.

ఆ రాత్రి జరిగింది అదే. టెక్సాస్ అతని ముందు ఒక కార్నర్‌బ్యాక్‌ను, వెనకాల ఒక సేఫ్టీని కాపలా పెట్టింది. గేమ్ మొత్తానికి అతనికి దక్కింది ఒక్క క్యాచ్, 3 యార్డులు. అంకె చూస్తే సున్నాతో సమానం. కానీ మిగతా పదిమందికీ ఎదురున్నది తొమ్మిదిమందే. ఎక్కువ బంతులు అవతలి అంచున ఉన్న కార్నెల్ టేట్‌కు వెళ్లాయి. ఫస్ట్ హాఫ్ ఇంకా అర నిమిషం కూడా లేదనగా ట్రెవియాన్ హెండర్సన్ ఒక చిన్న స్క్రీన్ పాస్ అందుకుని 75 యార్డులు పరుగెత్తి టచ్‌డౌన్ కొట్టాడు. అదంతా స్మిత్ పుణ్యమే అని నేననను, ముందు దారి చేసిన లైన్‌మెన్‌ది పెద్ద చెయ్యి. కానీ మైదానంలో ఒకవైపు ఇద్దరు ఒక్కడికే కట్టుబడిపోతే రెండోవైపు ఎంత ఖాళీ మిగులుతుందో మన కబడ్డీ చూసినవాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. 28-14తో గెలిచాం. ఆ రాత్రి అతను మొహం మాడ్చుకోలేదు, బంతి ఇవ్వట్లేదని చేతులు విసరలేదు. నేను మళ్లీ రికార్డింగ్ పెట్టుకుని చూశాను, చివరి ఆట వరకు ప్రతి రూట్ మొదటి దాని అంత గట్టిగానే పరుగెత్తాడు.

పది రోజుల తర్వాత, జనవరి 20న, అట్లాంటాలో నోటర్ డామ్‌తో ఫైనల్. 31-7 మీదున్న మనం 31-23కి వచ్చేశాం. మూడు నిమిషాలు కూడా మిగల్లేదు, థర్డ్ డౌన్, అంటే బంతి మన దగ్గరే నిలుపుకోడానికి ఉండే నాలుగు ప్రయత్నాల్లో మూడోది, ఇంకా 11 గజాలు కావాలి. ఎవరైనా బంతిని భద్రంగా దాచుకుని పరుగు ఆడతారు. మన హెడ్ కోచ్ రయన్ డే, ఆయన కింద కోచ్ చిప్ కెల్లీ మాత్రం ఆ బంతిని 19 ఏళ్ల కుర్రాడి మీద వేశారు. నోటర్ డామ్ ఆ ఒక్కసారి అతనికి ఒక్కణ్నే కాపలా పెట్టింది. మొదటి నాలుగడుగులు లోపలికి వెళ్తున్నట్టు నటించి, అవతలివాడి తుంటి తిరగ్గానే బయటికి తెగ్గోసుకుని అంచు వెంబడి దూసుకుపోయాడు. మన క్వార్టర్‌బ్యాక్ విల్ హవర్డ్ విసిరిన బంతి భుజం మీదుగా వచ్చి చేతుల్లో వాలింది. 56 యార్డులు. 34-23తో కప్పు మనది, 2014 సీజన్ తర్వాత మళ్లీ ఇప్పుడు. మా బేస్‌మెంట్‌లో కుర్చీలు ఎగిరిపడ్డాయి, అమ్మ మాత్రం "ఇవాళ వాణ్ని వదిలేశారు, చూశావా" అంది.

ఇక మీ అంకెల దగ్గరికి వస్తాను. పోయిన సీజన్‌లో అతను పట్టింది 76 క్యాచ్‌లు, 1,315 యార్డులు, 15 టచ్‌డౌన్‌లు. ఇక్కడ ఫ్రెష్‌మన్ (మొదటి ఏడాది ఆటగాడి) రికార్డులు 1984 నుంచి క్రిస్ కార్టర్ పేరు మీద ఉండేవి, అవన్నీ తుడిచేశాడు. కానీ అవి 16 గేమ్‌ల అంకెలని ఎవరూ గుర్తుపెట్టుకోవడం లేదు. సగటున గేమ్‌కు 82 యార్డులు. రెగ్యులర్ సీజన్‌లో ఉండేవి 12 గేమ్‌లే. అంటే అదే ఊపుతో ఆడినా నవంబర్ చివరికి వెయ్యి కూడా దాటకపోవచ్చు. టెక్సాస్ అయ్యాక వచ్చేవి గ్రాంబ్లింగ్ స్టేట్, ఓహాయో యూనివర్సిటీ (మనది కాదు, వేరే కాలేజీ). వాటిలో మనకు పెద్ద ఆధిక్యం వస్తే అతన్ని సెకండ్ హాఫ్‌లో బెంచ్ మీద కూర్చోబెడతారు, కూర్చోబెట్టాలి కూడా. అప్పుడు అంకెలు రాలేదని ఎవర్ని తిడతాం?

అదీగాక పోయిన ఏడాది అతని పక్కన ఎవరున్నారో ఆలోచించండి. ఎమెకా ఎగ్‌బుకా 81 క్యాచ్‌లు పట్టాడు, స్మిత్ కంటే ఎక్కువ. ఒకవైపు అంత అనుభవమున్నవాడు ఉంటే డిఫెన్స్ ఎవరిని కాయాలో తేల్చుకోలేక చచ్చేది. ఇప్పుడు ఎగ్‌బుకా ప్రొఫెషనల్ లీగైన ఎన్ఎఫ్ఎల్‌లో, టాంపా టీమ్‌లో ఉన్నాడు. హవర్డ్ పిట్స్‌బర్గ్‌లో, బంతితో పరుగెత్తే హెండర్సన్, జడ్కిన్స్ ఇద్దరూ ఎన్ఎఫ్ఎల్‌లోనే. ఎప్పుడు ఏ ఆట ఆడాలో చెప్పే చిప్ కెల్లీ లాస్ వేగస్ రేడర్స్‌కు వెళ్లిపోయాడు, ఆ బాధ్యత ఇప్పుడు బ్రయన్ హార్ట్‌లైన్‌ది. రిసీవర్లను తీర్చిదిద్దడంలో ఆయన్ను మించినవాడు లేడు, నేను గుండెమీద చెయ్యేసుకుని చెబుతాను, కానీ కొత్త పని కొత్త పనే. క్వార్టర్‌బ్యాక్‌గా జూలియన్ సేయిన్ పేరు ఈ నెల 18న చెప్పారు. అతనికి కాలేజీలో ఇదే మొదటి స్టార్ట్, అదీ ఒకటో ర్యాంకు టీమ్ మీద, లక్షమంది ముందు. ఒక క్వార్టర్‌బ్యాక్, ఒక రిసీవర్ ఒకరినొకరు కళ్లతోనే అర్థం చేసుకునేదాకా కొంత కాలం పడుతుంది. పెళ్లైన మొదటి నెలలో కాఫీలో చక్కెర ఎంతో తెలియదు, ఇదీ అంతే.

మన పాత రిసీవర్ మార్విన్ హారిసన్ జూనియర్‌ను మర్చిపోయారా? 2022లో సీజే స్ట్రౌడ్ విసురుతుంటే 77 క్యాచ్‌లు, 1,263 యార్డులు, 14 టచ్‌డౌన్‌లు. 2023లో స్ట్రౌడ్ వెళ్లిపోయి కొత్త క్వార్టర్‌బ్యాక్ వచ్చాక 67 క్యాచ్‌లు, 1,211 యార్డులు, మళ్లీ 14. అంకెలు పెరగలేదు, కాస్త తగ్గాయి. కానీ దేశంలోకెల్లా మేటి రిసీవర్‌కిచ్చే బిలెట్నికాఫ్ అవార్డు వచ్చింది ఆ రెండో ఏడాదే, హైస్‌మన్ ఓట్లలో నాలుగో స్థానమూ అప్పుడే. ఆట చూసేవాళ్లు ఆటే చూశారు. హైస్‌మన్ సంగతంటారా, అచ్చంగా రిసీవర్‌గా ఆ ట్రోఫీ గెలిచినవాళ్లు 1987లో టిమ్ బ్రౌన్, 1991లో డెస్మండ్ హవర్డ్, 2020లో డెవాంటా స్మిత్, అంతే. పోయినేడు గెలిచిన ట్రావిస్ హంటర్ రెండువైపులా ఆడేవాడు. రాదని నేననడం లేదు, వస్తే నాకంటే ఎక్కువ ఎగిరేవాడు ఉండడు. రాకపోతే మాత్రం ఏదో పోగొట్టాడన్నట్టు మాట్లాడకండి.

మాటలు ఎంత దూరం పోతాయో నేను కళ్లారా చూశాను కాబట్టే ఇంత చెబుతున్నాను. పోయిన నవంబర్ 30న మిషిగన్ చేతిలో మన సొంత గడ్డ మీద 13-10తో ఓడిపోయాం. వరుసగా నాలుగో ఏడు. ఆ సాయంత్రం మనవాడే, నాకు బాగా తెలిసిన కుర్రాడు, గేమ్ మీద పందెం కాసి డబ్బు పోగొట్టుకుని, స్మిత్ ఫొటో కింద బూతులు రాశాడు. తెలుగులో. తెలుగులో రాస్తే వాడికేం అర్థమవుతుందిలే అన్నా అని నాతో అన్నాడు. ఇప్పుడు ఫోన్‌లో ఒక్క నొక్కు నొక్కితే ఏ భాషైనా ఇంగ్లిష్‌లోకి మారిపోతుందన్న సంగతి అటుంచండి. ఆ గేమ్‌లో మనకొచ్చిన టచ్‌డౌన్ ఒకటే, అది పట్టింది ఆ కుర్రాడే. నేను ఆ మాట అంటే తమ్ముడు కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత తీసేశాడు. తీసేసినందుకు అతని మీద నాకు గౌరవం ఉంది. రాసి వదిలేసినవాళ్లు ఇంకా ఎంతమందో.

ఓహాయోలో ఆటల మీద పందాలు చట్టబద్ధమైంది 2023 జనవరి 1న. ఆ నెలలోనే డేటన్ యూనివర్సిటీ బాస్కెట్‌బాల్ పిల్లలకు ఓడిపోయినందుకు వచ్చిన బూతు మెసేజ్‌ల గురించి వాళ్ల కోచ్ ఆంథనీ గ్రాంట్ మైకు ముందు కూర్చుని చెప్పాల్సి వచ్చింది. ఆ ఏడాదే ఆటగాళ్లను బెదిరించేవాళ్లను పందాలు కాయకుండా నిషేధించే వీలు చట్టంలో పెట్టారు. 2024లో కాలేజీ ఆటగాళ్లు ఎన్ని యార్డులు కొడతారు, ఎన్ని క్యాచ్‌లు పడతారు అని విడివిడిగా కాసే పందాలను ఈ రాష్ట్రం ఆపేసింది. ఎందుకాపింది? ఒక పిల్లాడు ఒక బంతి వదిలేస్తే వెయ్యిమందికి అది తమ జేబులోంచి పోయినట్టు అనిపించకూడదనే కదా. మనం మాత్రం పందెం లేకపోయినా అదే లెక్కతో ఆ కుర్రాణ్ని చూస్తున్నాం.

కొందరు నాతో అంటున్నారు, ఇప్పుడు డబ్బులు తీసుకుంటున్నాడుగా, మాటలు పడాల్సిందే అని. నిజమే, 2025 జులై 1 నుంచి కాలేజీలు నేరుగా ఆటగాళ్లకు డబ్బివ్వచ్చు, ఈ మొదటి ఏడాదికి ఒక్కో కాలేజీకి దాదాపు 2 కోట్ల 5 లక్షల డాలర్ల దాకా. వీడియో గేమ్ కవర్ మీద అతని బొమ్మ కూడా ఉంది. మంచిదే, సంపాదించుకోనివ్వండి, అతని మోకాళ్లు, అతని వెన్ను, రేపు ఏమవుతాయో ఎవరికి తెలుసు. ఎన్ఎఫ్ఎల్ నిబంధన ప్రకారం స్కూల్ చదువయ్యాక మూడేళ్లు ఆగాలి, అంటే 2027 దాకా అతనికి దారి లేదు. ఈ రెండేళ్లు ఆడకుండా ఒళ్లు కాపాడుకుంటే మేలని టీవీల్లో కొందరు సలహా కూడా ఇచ్చారు. అతను ఆడతానన్నాడు, మన కోసం కాకపోయినా మన జెర్సీ వేసుకుని. జీతం తీసుకుంటున్నామని మన మేనేజర్ వాట్సాప్‌లో బూతులు పంపితే మనం ఊరుకుంటామా?

మనవాళ్లకు ఇది కొత్త కథ కూడా కాదు. పోయిన డిసెంబర్‌లో మెల్‌బోర్న్‌లో మన విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి సెంచరీ కొడితే, స్టాండ్స్‌లో వాళ్ల నాన్న కన్నీళ్లు చూసి మనమూ ఏడ్చాం. నాలుగు నెలలు తిరక్కముందే ఐపీఎల్‌లో పరుగులు రాకపోయేసరికి అదే నోళ్లతో ఏమన్నామో గుర్తుచేసుకోండి. 21 ఏళ్ల పిల్లాడు, గాయం నుంచి లేచి వచ్చినవాడు.

మరి ఆశలు పెట్టుకోవద్దా అంటే, పెట్టుకుందాం. నాకూ ఉన్నాయి, అవేంటో చెబుతాను. అతను తప్పు చేశాక ఏం చేస్తాడో చూడాలని నా ఆశ. పోయిన అక్టోబర్ 12న ఆరెగన్‌లో చివరి నిమిషంలో డిఫెండర్‌ను నెట్టినందుకు అతని మీద ఫౌల్ జెండా పడింది, 32-31తో ఒక్క పాయింటు తేడాతో ఓడిపోయాం. అప్పుడతను 18 ఏళ్లవాడు. జనవరి 1న క్వార్టర్‌ఫైనల్‌లో (రోజ్ బౌల్ అంటారు) మళ్లీ అదే ఆరెగన్, ఫస్ట్ హాఫ్‌లోనే 45 యార్డుల టచ్‌డౌన్ ఒకటి, 43 యార్డులది ఇంకొకటి, మొత్తం 187 యార్డులు, 41-21తో గెలుపు. ఈ ఏడాది కూడా ఎక్కడో జారతాడు, బంతి వదిలేస్తాడు, బహుశా ఈ శనివారమే కావచ్చు, ఎందుకంటే టెక్సాస్‌కు అతన్ని ఎలా కట్టేయాలో తెలుసు. ఆ తర్వాతి ఆటలో ఎలా పరుగెత్తుతాడన్నది నాకు ముఖ్యం. సేయిన్ కంగారులో ఎక్కడికో విసిరితే అతని భుజం తట్టి వెనక్కి వస్తాడా, టేట్‌కు దారి చేయడానికి తన ఒళ్లు అడ్డం పెడతాడా, థర్డ్ డౌన్‌లో తప్పనిసరి బంతి వచ్చినప్పుడు పడతాడా, ఇవి చూస్తాను. దెబ్బల్లేకుండా నవంబర్ దాకా రావాలని కోరుకుంటాను. నవంబర్ 29న ఆన్ ఆర్బర్‌లో మిషిగన్‌తో గేమ్, అదే రోజు అతనికి 20 ఏళ్లు నిండుతాయి. ఆ రోజు గెలిస్తే అతనికి ఎన్ని యార్డులొచ్చాయని నేనైతే అడగను.

అన్నల్లారా, ఒక్క గేమ్ నా మాట వినండి. ఈ శనివారం ప్రతి ఆటలోనూ బంతి ఎటుపోతోందో కాకుండా మొదటి మూడు సెకన్లు నాలుగో నంబర్‌ను చూడండి. అతని మీద ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టండి. ఇద్దరుంటే ఖాళీగా ఉన్న మనవాణ్ని వెతకండి. మా ఇంటికి వచ్చేవాళ్లు పదకొండున్నరకల్లా వచ్చేయండి, పులిహోర, పకోడీలు మావి, కూల్‌డ్రింకులు మీవి. ఫోన్లు మెట్ల దగ్గర బుట్టలో పెట్టాలి, గేమ్ అయ్యేదాకా ఎవరి ఫొటో కింద ఎవరూ ఏమీ రాయడానికి లేదు. ఒక్క నా ఫోన్ మాత్రం టీవీ పక్కన స్టాండ్ మీద ఉంటుంది. మనకు మధ్యాహ్నం పన్నెండంటే తెనాలిలో రాత్రి తొమ్మిదిన్నర. అన్నం తినేసి వీడియో కాల్‌లో కూర్చుంటానంది అమ్మ. ఆ పిల్లాడి వెంట ఈసారి ఎంతమంది తిరుగుతున్నారో చెబుతుందట.